ముందు లెక్క, ఆ తర్వాతే ఉలి: ఇంట్లో దాగిన నీటి లీకును కనిపెట్టడం ఎలా?

బదిలీ మీద సూరత్ వచ్చి ఇల్లు వెతుక్కునే మన బ్యాంకు కుటుంబాలు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతాయి. బ్రాంచి ఎంత దూరం? పిల్లల బడి ఎంత దూరం? నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి? నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు: వచ్చిన నీళ్లన్నీ కుళాయిల్లోంచే బయటికి వస్తున్నాయా, గోడల్లోకి కూడా పోతున్నాయా?

బాత్రూమ్‌కు అవతల ఉన్న పడకగది గోడ మీద రంగు పొక్కినప్పుడు మనం మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేయిస్తాం. లేదా మేస్త్రీని పిలుస్తాం. ఆయన అందాజుగా నాలుగు టైల్సు పగలగొడతాడు. మొదటి పనితో మచ్చ రెండు నెలలు దాక్కుంటుంది. రెండో పనితో లీకు లేని చోట గొయ్యి మిగులుతుంది.

సాయంత్రం కౌంటరులో క్యాష్ తేలకపోతే ఏం చేస్తాం? వోచర్లు ఒక్కొక్కటీ తీసి, ఏ గంటలో, ఏ కౌంటరులో తేడా వచ్చిందో విడదీసి చూస్తాం. నీటి లీకు కూడా అలాగే దొరుకుతుంది. చాలావరకు పరీక్షలకు ఒక పెన్సిలు, ఒక స్కేలు, కొంచెం తినే రంగు, ఒక వారం ఓపిక చాలు. వాటిని వరుసగా నేర్చుకుందాం.

నీరు మన ఇంటికి వచ్చే దారి

సూరత్ తాగే నీటికి ప్రధాన ఆధారం తాపీ నది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట ఉంది. నగరంలోనే సింగణ్‌పోర్ దగ్గర 1995లో కట్టిన వియర్ కమ్ కాజ్‌వే మంచినీటిని నిలబెడుతుంది. కింది నుంచి పోటు సమయంలో వచ్చే ఉప్పునీటిని పైకి రానివ్వదు. ఆ నీటిని శుద్ధి చేసి నగరపాలక సంస్థ ఇళ్లకు పంపుతుంది. కొన్ని ప్రాంతాల్లో మీటర్లతో 24 గంటల సరఫరా మొదలైనా, చాలాచోట్ల నీరు రోజుకు కొన్ని గంటలే వస్తుంది. అందుకే ప్రతి అపార్ట్‌మెంటుకూ కింద ఒక సంపు, డాబా మీద ఒక ట్యాంకు ఉంటాయి. కొన్ని సొసైటీల్లో బోరు నీరు కూడా కలుస్తుంది.

డాబా మీది ట్యాంకు నుంచి డౌన్‌టేక్ పైపులు డక్టు గుండా దిగుతాయి. ఒక్కొక్క ఫ్లాటు దగ్గర ఒక వాల్వు, అక్కడి నుంచి గోడలో పూడ్చిన పైపులు, చివర కుళాయి, గీజరు, ఫ్లష్ ట్యాంకు. వాడిన నీరు నహానీ ట్రాప్, కమోడ్, సింకుల నుంచి వేరే పైపుల్లో కిందికి పోతుంది.

ఈ దారిని గుర్తుపెట్టుకుంటే గోడకు వచ్చే చెమ్మ మూడు రకాలని అర్థమవుతుంది.

మొదటిది సరఫరా పైపు లీకు. దీనిలో నీరు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటుంది కాబట్టి పగలూ రాత్రీ కారుతూనే ఉంటుంది.

రెండోది వాడిన నీటి లీకు. స్నానం చేసినప్పుడో, బట్టలు ఉతికినప్పుడో మాత్రమే కారుతుంది.

మూడోది కుళాయిలతో సంబంధం లేని నీరు. వాన, ఏసీ నుంచి కారే నీరు, నేల నుంచి గోడలోకి పీల్చుకునే తేమ, గాలిలోని తేమ చల్లని గోడ మీద పట్టే చెమట, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ప్లంబరు ఎంత మంచివాడైనా ఈ మూడోదాన్ని పైపు మార్చి ఆపలేడు.

లీకు ఎక్కడ పుడుతుంది?

పైపు మధ్యలో చిల్లు పడడం అరుదు. అతుకుల దగ్గరే ఎక్కువగా కారుతుంది. పాత ఇళ్లలోని జీఐ పైపులు మరల దగ్గర తుప్పు పడతాయి. కొత్త ఇళ్లలోని సీపీవీసీ పైపులను సాల్వెంటుతో అతికిస్తారు. అది సరిగా గట్టిపడకముందే నీళ్లు వదిలితే అతుకు బలహీనంగా మిగిలిపోతుంది. కుళాయిని మరీ బిగించినప్పుడు గోడలోని ఎల్బో చిట్లుతుంది. అద్దానికో, టవలు రాడ్డుకో డ్రిల్లు వేసినప్పుడు దాని మొన పైపుకు తగలవచ్చు. గీజరు కింద, కమోడ్ వెనక ఉండే యాంగిల్ కాక్‌లు, వాటి గొట్టాలు మరో బలహీనమైన చోటు.

వాడిన నీటి వైపు చూస్తే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు, టైల్సు మధ్య రాలిపోయిన గ్రౌటు ముఖ్యమైనవి. చాలా ఫ్లాట్లలో బాత్రూమ్ కింద స్లాబును కొంత దిగువకు పోసి, పైపులు పరిచి, పైన ఇటుక ముక్కలతో నింపుతారు. దీన్ని సంకెన్ స్లాబు అంటారు. టైల్సు సందుల్లోంచి దిగిన నీరు ఈ నింపుడులో నెలల తరబడి చేరుతుంది. నిండాక ఎక్కడ వాలు ఉంటే అక్కడికి పారి, పగులు దొరికిన చోట కింది ఇంటి సీలింగు నుంచి చుక్కలుగా రాలుతుంది.

అందుకే మొదటి సూత్రం ఇది: తడి కనిపించిన చోటే లీకు ఉండాలని లేదు. నీరు పల్లమెరుగు. అది నడిచిన దారిని వెనక్కి పట్టుకుని పోవాలి.

ఎందుకు ఆలస్యం చేయకూడదు?

చెమ్మ చూడ్డానికి బాగుండదన్నది చిన్న సంగతి. అసలు నష్టాలు వేరే ఉన్నాయి.

స్లాబులోని ఇనుప ఊచలకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపల నుంచి పగిలి పెచ్చులుగా ఊడుతుంది. సముద్రానికి దగ్గరగా, గాలిలో తేమ ఎక్కువగా ఉండే సూరత్ లాంటి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పై ఇంటి బాత్రూమ్‌లో నిర్లక్ష్యం చేసిన లీకు కింది ఇంటివాళ్ల నెత్తిన పెచ్చుగా పడవచ్చు.

రెండోది కరెంటు. గోడలోని వైరింగు పైపులోకి నీరు దిగితే స్విచ్ బోర్డు ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది, లేదా ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. ఇలా జరిగితే లీకు వెతకడం తర్వాత సంగతి. ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పడిపోయే స్విచ్‌ను బలవంతంగా పైకెత్తి వాడుకోవడం ప్రాణంతో చెలగాటం.

మూడోది ఆరోగ్యం. గంటల లెక్కన నీళ్లు వచ్చే ఊళ్లలో సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చిల్లు గుండా బయటి మురికి లోపలికి చేరే ప్రమాదం ఉంది. అంటే లీకు నుంచి నీరు బయటికి పోవడమే కాదు, మురికి లోపలికి రావడమూ ఉంటుంది. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో రంగు మారినా, వాసన వచ్చినా ఆ నీటిని సంపులోకి పోనివ్వకుండా ఆపి, సొసైటీకీ, నగరపాలక సంస్థకూ చెప్పాలి. తాగే నీటిని కాచుకోవాలి.

గోడ ఇచ్చే గుర్తులు

చూడ్డం ఒక అలవాటుగా మారితే సగం పని అయినట్టే. సూరత్‌కే ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు భయం వ్యాపించి జనం ఊరు వదిలి పారిపోయారు. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు అధికారులను ఏసీ గదుల్లోంచి బయటికి తెచ్చి, రోజూ పొద్దున్నే వీధుల్లో తిరిగి కళ్లతో చూసేలా చేశారు. నగరం శుభ్రపడింది, 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్లేగుకూ మన పైపు లీకుకూ సంబంధం లేదు. కానీ రోజూ తిరిగి చూసేవాడికి లోపం చిన్నగా ఉన్నప్పుడే కనిపిస్తుందన్న పాఠం ఇంటికీ పనికొస్తుంది.

నెలకు ఒకసారి పది నిమిషాలు కేటాయించి ఇవి చూడండి.

• రంగు పొక్కడం, సున్నం పొడిగా రాలడం, గోడ మీద తెల్లటి ఉప్పు పట్టడం. ఇటుక, సిమెంటుల్లోని లవణాలు నీటితో బయటికి వచ్చి, నీరు ఆరాక మిగిలిపోతే ఆ తెలుపు కనిపిస్తుంది.

• బీరువా వెనక, వార్డ్‌రోబు లోపల ముక్క వాసన, బట్టల మీద బూజు, ఉబ్బిన ప్లైవుడ్.

• స్కర్టింగు టైలు గోడ నుంచి విడివడడం. నాణెంతో కొడితే కొన్ని టైల్సు డొల్లగా మోగడం.

• కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా డక్టులోంచి సన్నగా నీళ్ల చప్పుడు రావడం.

• ఎప్పుడూ లేనిది పంపు మోటారు రోజుకు ఒకసారి ఎక్కువగా వేయాల్సి రావడం.

• వాడకం పెరగకుండానే గీజరు కరెంటు పెరగడం, నేల మీద ఒకచోట కాలికి గోరువెచ్చగా తగలడం. వేడినీటి పైపు లీకుకు ఇది గుర్తు.

మచ్చ కనిపించగానే దాని అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఫోనులో ఒక ఫొటో తీయండి. వారం తర్వాత గీత దాటిందా, లోపలికి తగ్గిందా అన్నదే మన మొదటి సాక్ష్యం.

ఎప్పుడు తడుస్తోంది? ఏడు రోజుల చిట్టా

గోడ దగ్గర ఒక కాగితం అంటించండి. రోజుకు మూడుసార్లు చెయ్యి పెట్టి చూసి రాయండి: పొడిగా ఉందా, చెమ్మగా ఉందా, తడిగా ఉందా? ఆ పక్కనే ఆ రోజు స్నానాలు, బట్టలు ఉతకడం, వాన, ఏసీ వాడకం రాయండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పితే సరదాగా చేస్తారు, మనకంటే శ్రద్ధగా రాస్తారు.

వారం తర్వాత చిట్టా చదివితే దారి తెలుస్తుంది. రాత్రీ పగలూ ఒకేలా తడిగా ఉంటే సరఫరా పైపును అనుమానించాలి. స్నానాలైన కొన్ని గంటలకు పెరిగి సాయంత్రానికి తగ్గితే వాడిన నీటి పైపో, బాత్రూమ్ నేలో కారణం. వాన పడిన రోజుల్లోనే వస్తే బయటి గోడ పగులు, కిటికీ సజ్జ, డాబా వైపు చూడాలి. నేల అంతస్తులో గోడ పొడవునా అడుగు భాగమే, మూడడుగుల లోపు, సమానంగా చెమ్మగా ఉంటే అది నేల నుంచి పైకి పాకే తేమ కావచ్చు.

గోడ మీది తడి లోపలిదా, గాలిలోదా తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. కాగితం వెనక, అంటే గోడ వైపు నీటి చుక్కలు పడితే తేమ గోడలోంచి వస్తోంది. ముందు వైపే పడితే అది గదిలోని గాలి తేమ; కిటికీ తెరిస్తే, ఎగ్జాస్టు ఫ్యాను వేస్తే తగ్గుతుంది.

రాత్రి లెక్క

సొంత ట్యాంకు ఉన్న ఇంటివాళ్లు ఈ పరీక్షతో మొదలుపెట్టాలి. రాత్రి పది గంటలకు అందరి పనులూ అయ్యాక కుళాయిలన్నీ కట్టేయండి. ట్యాంకులోకి కొత్త నీరు వచ్చే వాల్వు కూడా కట్టేయండి. స్కేలుతో నీటి మట్టం కొలిచి రాసుకోండి. పొద్దున్న ఆరు గంటలకు ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ కొలవండి. రాత్రి ఎవరైనా ఫ్లష్ వాడితే దాన్నీ లెక్కలో వేయాలి.

ట్యాంకు గుండ్రంగా, 110 సెం.మీ. వ్యాసంతో ఉందనుకుందాం. మట్టం 1 సెం.మీ. తగ్గితే సుమారు 9.5 లీటర్లు పోయినట్టు. ఎనిమిది గంటల్లో 3 సెం.మీ. తగ్గితే 28.5 లీటర్లు. రోజుకు 85.5 లీటర్లు. ఏడాదికి 31,000 లీటర్ల పైమాటే. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు వాడే ప్రమాణం. అంటే ఆ ఇంట్లో కంటికి కనిపించని సభ్యుడు ఒకరు సగానికి పైగా వాటా వాడుకుంటున్నారన్నమాట.

మీటరు ఉన్న ఇళ్లలో ఇంకా తేలిక. కుళాయిలన్నీ కట్టి, సంపు, ట్యాంకు నిండి ఫ్లోటు వాల్వులు మూసుకున్నాక కూడా మీటరులోని చిన్న చక్రం తిరుగుతుంటే మీటరు తర్వాత ఎక్కడో నీరు పోతోంది.

సంపును కూడా ఇలాగే ఒక రాత్రి పరీక్షించాలి. నీరు రాని వేళ, పంపు ఆపి మట్టం చూడాలి. తగ్గితే సంపు కారుతోంది. ఒకవేళ సరఫరా లేకుండానే మట్టం పెరిగితే అది మరీ ప్రమాదం. బయటి నుంచి భూగర్భ జలమో, మురుగో లోపలికి ఊరుతోందన్నమాట. ఆ నీటిని తాగడం వెంటనే ఆపాలి.

విడదీసి చూడడం

నీరు పోతోందని తేలాక ఎక్కడ పోతోందో విడదీయాలి. తక్కువ శ్రమ ఉన్నదాంతో మొదలుపెట్టి ఈ వరుసలో చేయండి.

1. ఫ్లష్ ట్యాంకు. కమోడ్ వెనక ట్యాంకులో కొంచెం తినే రంగు కలిపి అరగంట ఫ్లష్ చేయకండి. కమోడ్ గిన్నెలోకి రంగు దిగితే లోపలి వాషరు పోయింది. ఇది గోడను తడపదు, చప్పుడూ చేయదు. అందుకే చాలా ఇళ్లలో నెలల తరబడి సాగుతుంది. రాత్రి లెక్కలో తేలిన తేడాకు కారణం ఇదొక్కటే కావచ్చు. వాషరు మార్చి లెక్క మళ్లీ వేయండి.

2. వాల్వుల పరీక్ష. మొదటి రాత్రి ఒక బాత్రూమ్ వాల్వు, రెండో రాత్రి రెండో బాత్రూమ్‌ది, మూడో రాత్రి వంటింటిది కట్టి ట్యాంకు మట్టం కొలవండి. ఏ వాల్వు కట్టిన రాత్రి మట్టం నిలిచిందో లీకు దాని వెనక ఉంది. వేడినీటి పైపు కోసం గీజరుకు వెళ్లే యాంగిల్ కాక్‌ను విడిగా కట్టి చూడాలి. దానికి ముందు గీజరు స్విచ్ ఆపడం మరవద్దు.

3. ఊరెళ్లే పరీక్ష. సంక్రాంతికో, వేసవి సెలవులకో ఊరు వెళ్లేటప్పుడు ఫ్లాటు మెయిన్ వాల్వు కట్టేయండి. వెళ్లే ముందు మచ్చ ఫొటో తీసి అంచు గీయండి. పది రోజుల తర్వాత వచ్చేసరికి మచ్చ ఆరుతున్నట్టుంటే కారణం మన ఇంటి నీరే. ఇల్లు మూసి ఉన్నా మచ్చ పెరిగిందంటే నీరు పై ఇంటి నుంచో, డక్టులోని ఉమ్మడి పైపు నుంచో, బయటి నుంచో వస్తోంది. సొసైటీ ట్యాంకు ఉమ్మడిగా ఉండి రాత్రి లెక్క వేయలేని వాళ్లకు ఇది మంచి దారి.

4. బాత్రూమ్ నేల పరీక్ష. నహానీ ట్రాప్ నోటిని గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ సంచితో గట్టిగా మూసి, నేల మీద అంగుళం లోతు నీళ్లు నిలబెట్టండి. నీటిలో రంగు కలపండి. గోడ మీద మట్టం గీసి ఒక రోజు చూడండి. మట్టం బాగా తగ్గినా, కింది ఇంటి సీలింగుకు రంగు దిగినా నేల నుంచి నీరు ఇంకుతోంది. కింది ఇంట్లో ఇప్పటికే ధారగా కారుతుంటే, లేదా అక్కడ లైటు పాయింటు దగ్గర తడి ఉంటే ఈ పరీక్ష చేయకూడదు.

5. ఒక్కొక్క మార్గానికి ఒక్కొక్క రంగు. ఒక రోజు సింకులో ఎరుపు, రెండు రోజుల తర్వాత నహానీలో నీలం పోయండి. కింద ఏ రంగు కనిపించిందో ఆ మార్గమే దోషి. ఒక జాగ్రత్త: రంగు కనిపిస్తే రుజువే, కనిపించకపోతే మాత్రం ఆ పైపు నిర్దోషి అని తేల్చలేం. ఇటుక పొడిలో రంగు వడకట్టుకుపోవచ్చు.

6. టీడీఎస్ మీటరు. సీలింగు నుంచి చుక్కలు పడుతుంటే గిన్నెలో పట్టి, ఆర్‌ఓ మెకానిక్ వాడే చిన్న మీటరుతో కొలవండి. కుళాయి నీటి అంకెతో పోల్చండి. అంకె మరీ తక్కువగా ఉంటే వాననీరో, ఏసీ నీరో కావచ్చు. ఎక్కువగా ఉంటే వెంటనే బోరు నీరని అనుకోవద్దు. కాంక్రీటులోంచి దిగిన నీరు లవణాలను వెంట తెస్తుంది.

7. చెవి. రాత్రి నిశ్శబ్దంలో స్టీలు గ్లాసు అడుగును చెవికి ఆనించి, మూతిని గోడకు పెట్టి అంగుళం అంగుళం జరుపుతూ వినండి. ఒత్తిడితో కారే నీరు సన్నగా బుసకొడుతుంది. నగర జలమండళ్లలో పనివాళ్లు పొడవాటి ఇనుప కడ్డీని నేలకు, చెవికి ఆనించి భూమిలోని లీకును వినే పద్ధతి కూడా ఇదే.

ప్లంబరును పిలిచాక

మన దగ్గర వారం చిట్టా, రాత్రి లెక్క, వాల్వుల ఫలితం ఉంటే ప్లంబరు పని సగం తగ్గుతుంది. పగలగొట్టే ముందు ప్రెషర్ టెస్టు చేయమని అడగండి. కుళాయిల నోళ్లకు ప్లగ్గులు బిగించి, గీజరును విడదీసి, చేతిపంపుతో పైపులో నీటిని ఒత్తి, గేజీ ముల్లు చూస్తారు. ముల్లు అరగంట నిలిస్తే పైపు బాగున్నట్టే. దిగుతుంటే ఆ పైపులోనే లీకు. చన్నీటి పైపు, వేడినీటి పైపు విడివిడిగా చేయాలి. పాత జీఐ పైపుల్లో ఒత్తిడి మితంగా ఉంచాలి, లేకపోతే కొత్త చిల్లు పడుతుంది.

ఇప్పుడు థర్మల్ కెమెరాలతో లీకు పట్టే సంస్థలు నగరాల్లో ఉన్నాయి. వాటి హద్దులు తెలుసుకుని పిలవాలి. థర్మల్ కెమెరా గోడ లోపలికి చూడదు. గోడ పైభాగంలో వేడి, చలి తేడాలనే చూపుతుంది. వేడినీటి పైపు లీకును బాగా పడుతుంది. చన్నీటి చెమ్మను కూడా ఆరేటప్పుడు పుట్టే చల్లదనం వల్ల చూపవచ్చు, కానీ అది లీకు చోటా, నీరు పారి వచ్చిన చోటా అన్నది చెప్పదు. తేమ మీటరు గోడలో ఎక్కడ ఎక్కువ తడి ఉందో చెబుతుంది. శబ్దం వినే పరికరం ఒత్తిడి ఉన్న పైపుకే పనికొస్తుంది, మురుగు పైపుకు కాదు. ఏ పరికరమైనా మన చిట్టాకు తోడుగా వాడితేనే డబ్బుకు విలువ.

ఒక ఉదాహరణ లెక్క

మూడో అంతస్తు ఫ్లాటులో పడకగది గోడకు రెండడుగుల ఎత్తులో మచ్చ ఉందనుకుందాం. అవతల బాత్రూమ్. చిట్టాలో రాత్రీ పగలూ ఒకే తడి, వానకాలం కాదు. కాబట్టి వాననూ, వాడిన నీటినీ పక్కన పెట్టవచ్చు. ఫ్లష్ ట్యాంకులో రంగు దిగలేదు. గీజరు యాంగిల్ కాక్ కట్టిన నాలుగు రోజుల్లో మచ్చ అంచు పెన్సిలు గీత నుంచి లోపలికి తగ్గింది. కాక్ తెరిచాక మళ్లీ గీత దగ్గరికి వచ్చింది. అంటే గీజరులో కానీ, గీజరు నుంచి కుళాయికి దిగే వేడినీటి పైపులో కానీ లోపం. గీజరు చుట్టూ పొడిగా ఉంది. ప్రెషర్ టెస్టులో వేడినీటి పైపు గేజీ దిగింది. ఇక పగలగొట్టాల్సింది ఆ పైపు మీది అతుకుల దగ్గర రెండు టైల్సు. బాత్రూమ్ మొత్తం తవ్వితే అయ్యే ఖర్చు, దుమ్ము, వారం రోజుల అవస్థ తప్పాయి.

పై ఇల్లు, కింది ఇల్లు

నీటి లీకు వల్ల చెడిన గోడల కంటే చెడిన ఇరుగుపొరుగు సంబంధాలే ఎక్కువేమో! కింది ఇంటివాళ్లకు తడి, ఖర్చు పై ఇంటివాళ్లకు. కాబట్టి పైవాళ్లు ముందు ఒప్పుకోరు. "మీ బాత్రూమ్ కారుతోంది" అని మొదలుపెడితే గొడవే. "ఇద్దరం కలిసి రంగు నీళ్ల పరీక్ష చేద్దామా, మాదే తప్పయితే మేమే బాగుచేయించుకుంటాం" అంటే తలుపు తెరుచుకుంటుంది. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో వస్త్ర పరిశ్రమను నమ్ముకుని తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకే గోడను రెండు కుటుంబాలు పంచుకునే వరుస ఇళ్లలో ఈ మాటతీరు మరీ అవసరం. అక్కడ ఒకరి పైపు ఇంకొకరి దేవుడి గదిని తడపవచ్చు.

కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు గుజరాతీ మాటలు: "దీవాల్‌మా భేజ్ ఆవే ఛే" అంటే గోడకు చెమ్మ వస్తోంది. "పాణీ టపకే ఛే" అంటే నీళ్లు కారుతున్నాయి. "వాల్వ్ బంధ్ కరో" అంటే వాల్వు కట్టేయండి. చివర భాయ్ అనో, బెన్ అనో కలిపితే పని ఇంకా తొందరగా అవుతుంది.

లీజు ఇంట్లో ఉండేవాళ్లు చేరిన రోజే బాత్రూములు, వంటిల్లు, వాటి అవతలి గోడల ఫొటోలు తీసి పెట్టుకోండి. మచ్చ కనిపించిన వెంటనే ఇంటి యజమానికి నోటిమాటతో పాటు రాతపూర్వకంగా తెలియజేయండి. బ్యాంకు క్వార్టర్సులో ఉండేవాళ్లు చిట్టా, ఫొటోలు జతచేసి సంబంధిత విభాగానికి రాస్తే పని ఎక్కడ చేయాలో వాళ్లకూ స్పష్టంగా తెలుస్తుంది.

సొంత ఇల్లు ఉన్నవాళ్లకు బీమా గురించి ఒక మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో నీటి ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల జరిగే నష్టం ఉంది. అరుగుదల, నెమ్మదిగా పెరిగిన చెమ్మ మాత్రం సాధారణంగా బీమా పరిధిలోకి రావు. అందుకే నెలల తరబడి వదిలేసిన లీకుకు ఖర్చు చివరికి మన జేబులోంచే పోతుంది.

ఎప్పుడు చేయాలి?

సూరత్‌లో వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో అన్ని గోడలూ చెమ్మగానే ఉంటాయి, వాననీటినీ పైపు నీటినీ విడదీయడం కష్టం. మార్చి నుంచి మే వరకు గోడలు పొడిగా ఉండే కాలం. అప్పుడు తడిగా ఉన్న గోడ దాదాపుగా ఇంటి నీటినే చెబుతోంది. కాబట్టి మార్చి ముగింపు పనుల హడావిడి తీరాక, ఏప్రిల్‌లో ఒక ఆదివారం కుటుంబమంతా కలిసి రాత్రి లెక్క, ఫ్లష్ పరీక్ష, నాణెంతో టైల్సు పరీక్ష చేసేయండి. బాగుచేయించాక వెంటనే రంగు వేయించవద్దు. మచ్చ అంచు గీత నుంచి తగ్గుతూ, ప్లాస్టిక్ కాగితం వెనక చుక్కలు పడడం ఆగేదాకా గోడను ఆరనివ్వండి. ఆ తర్వాత వేసిన రంగు నిలుస్తుంది.

వార్డ్‌రోబు తలుపు లోపలి వైపు ఒక చిన్న కాగితం అంటించి ట్యాంకు మట్టం, మీటరు అంకె, వాల్వులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి పెట్టండి. బదిలీ వచ్చి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ కాగితాన్ని తర్వాత వచ్చే కుటుంబానికి అప్పగించండి. ఏ వాల్వు దేనిదో వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే పని తప్పుతుంది.